షోపాన్ నోట్స్ ఏ ఎడిషన్ కొనాలి? బెజవాడ, గుంటూరు పియానో విద్యార్థుల కోసం కొన్ని పుస్తకాల పరీక్ష

షూబర్ట్ ఇంప్రాంప్టుల (చిన్న పియానో ముక్కల) పుస్తకం చేతికొస్తే అట్ట మీద ఏం రాసుందో తర్వాత చూసుకోవచ్చు. ముందు డి. 899 (డి. అంటే షూబర్ట్ రచనల జాబితా నంబరు) వరుసలో మూడోదాని మొదటి పేజీ తెరవండి. క్లెఫ్ (పంక్తి మొదట్లో ఉండే గుర్తు) పక్కన ఆరు ఫ్లాట్లు (స్వరాన్ని అరమెట్టు దించే గుర్తులు) ఉంటే సరే. ఒక్క షార్ప్ (అరమెట్టు పెంచేది) మాత్రమే ఉంటే పుస్తకం మూసి అక్కడే పెట్టేయండి. షూబర్ట్ 1827లో దాన్ని జి ఫ్లాట్ మేజర్‌లో రాశాడు. మరుసటి ఏడాదే పోయాడు. 1857లో వియన్నాలో హాస్లింగర్ సంస్థ అచ్చువేసినప్పుడు శ్రుతి అరమెట్టు పెంచి జి మేజర్ చేసింది, పొడుగాటి బార్లను (నిలువు గీతల మధ్య లయ భాగాలను) సగానికి కోసింది. ఆరు ఫ్లాట్లు చూసి కొనేవాళ్లు జంకుతారని కాబోలు. వాయిస్తే తేడా వేళ్లకే తెలుస్తుంది. జి ఫ్లాట్‌లో పొడుగు వేళ్లు నల్లమెట్ల మీద వాటంగా ఒదుగుతాయి, మధ్యలో సాగే అలలు మెత్తగా వస్తాయి. జి మేజర్‌లో అదే చెయ్యి తెల్లమెట్ల మీద బల్లపరుపుగా పడి, పైనున్న పాటను మిగతా స్వరాల నుంచి విడదీయడం కష్టమైపోతుంది. సులువు చేద్దామని మార్చి బరువు పెంచారన్నమాట.

అచ్చులో ఉన్నదంతా స్వరకర్తే రాశాడనుకోవడం మన దగ్గర పియానో నేర్చుకునేవాళ్లలో మామూలే. కర్ణాటక సంగీతం తెలిసిన ఇళ్లలో ఈ పొరపాటు రాకూడదు నిజానికి. ఒకే త్యాగరాజ కృతి వాలాజపేట పరంపరలో ఒక పాఠం, ఉమయాళ్పురం పరంపరలో మరో పాఠం, తిల్లస్థానం వాళ్ల దగ్గర ఇంకో పాఠం ఉంటుందని తెలిసినవాళ్లమే. షోపాన్ సంగతీ అంతే. ఆయన రచనల్లో చాలావాటిని పారిస్, లైప్‌జిగ్, లండన్ మూడు చోట్లా దాదాపు ఒకేసారి అచ్చుకిచ్చేవాడు. అప్పట్లో ఒక దేశపు హక్కు ఇంకో దేశంలో చెల్లేది కాదు మరి. మూడు చోట్లా ప్రూఫులు ఒకేలా దిద్దలేదు. దానికితోడు శిష్యుల పుస్తకాల మీద పాఠం చెబుతూ పెన్సిల్‌తో కొత్త గమకాలు, వేళ్ల అంకెలు, ఒక్కోసారి స్వరాల మార్పులూ వేసేవాడు. కాబట్టి అసలు ప్రతి ఒకటి కాదు, అరడజను. వేమన పద్యాలకు బ్రౌన్ పండితుల చేత రాతప్రతులు పోల్చి చూపించినట్టు, వీటినీ ఎవరో కూర్చుని పోల్చి పరిష్కరించాలి. ఆ పరిష్కర్త ఎవరు, తన చేతిని ఎక్కడ దాచాడు, ఎక్కడ చూపించాడు అన్నదే ఎడిషన్‌కూ ఎడిషన్‌కూ ఉన్న తేడా. స్వరాలు తొంభై అయిదు పాళ్లు అన్నిట్లోనూ ఒకటే. మిగతా అయిదు పాళ్లలో స్లర్లు (స్వరాలను కలిపి వాయించమనే గీతలు), పెడల్, బలం తగ్గించే గుర్తులు, వేళ్లు ఉంటాయి. వినేవాడికి చేరేది ఆ అయిదు పాళ్లే.

మన వైపు ఎక్కువమంది చేతుల్లో కనిపించేది షర్మర్ వాళ్ల పసుపుపచ్చ అట్ట పుస్తకం. ఆన్‌లైన్‌లో వెతికితే ముందు వచ్చేదీ అదే: 26 ప్రెల్యూడ్లు, 21 నాక్టర్న్‌లు, 19 వాల్ట్జ్‌లు ఒకే దళసరి సంపుటంలో. పేజీ లెక్కన చూస్తే దీనంత చవక ఇంకోటి ఉండదు. పరిష్కర్త రఫాయెల్ జోసెఫీ, పాతకాలం గొప్ప పియానిస్టు. వేళ్ల అంకెలు చాలాచోట్ల పనికొస్తాయి. చిక్కల్లా ఏమిటంటే, షోపాన్ వేసిన గుర్తుకూ జోసెఫీ వేసిన గుర్తుకూ అచ్చులో తేడా లేదు. షోపాన్ నాలుగు బార్ల మీదుగా ఒకే గీతగా లాగిన స్లర్ పాత ఎడిషన్లలో ముక్కలుముక్కలుగా ఉంటుంది. విద్యార్థి ప్రతి ముక్క చివరా చెయ్యి ఎత్తుతాడు, పాట నత్తినత్తిగా వస్తుంది. మాస్టారు కోప్పడతారు, కానీ పిల్లవాడు పుస్తకంలో ఉన్నదే వాయించాడు. ఇంకో ఇబ్బంది మరీ లౌకికమైనది. అంత లావు పుస్తకం కీబోర్డు స్టాండు మీద తెరిచి ఉండదు. బట్టల క్లిప్పులు పెట్టుకోవాలి, లేదా వీపు విరిచేయాలి. విరిచిన ఏడాదికి మధ్య పేజీలు ఊడి చేతికొస్తాయి. అన్నీ ఒకసారి వాయించి రుచి చూడాలనుకునేవాళ్లకు కొనమనే చెప్తాం. పరీక్షకో కచేరీకో ఒక ముక్క తయారు చేసేవాళ్లకు వద్దు.

చవకలోనే కాస్త మెరుగైన దారి డోవర్. వీళ్లు కొత్తగా పరిష్కరించరు, హక్కులు తీరిన పాత మంచి ఎడిషన్లను మళ్లీ అచ్చువేస్తారు. నాక్టర్న్‌లు, పొలొనేజ్‌ల సంపుటం షోపాన్ శిష్యుడు మికులి పరిష్కరించినది. మికులి గురువు దగ్గర కూర్చుని నేర్చుకున్నవాడు, ఆ పాఠం విలువ ఆ మేరకు ఉంది. అయితే ఆయనా తన కాలపు మనిషే. ఏది గురువు మాట, ఏది తన మాట అని విడదీసి చూపించలేదు. డోవర్ కొనేటప్పుడు అట్ట లోపలి పేజీలో ఏ ఎడిషన్ నుంచి తీశారో తప్పక చదవండి, పుస్తకం పుస్తకానికీ మూలం వేరు. బ్రామ్స్‌కి మాత్రం డోవర్‌ను కళ్లు మూసుకుని కొనొచ్చు. ఆయన స్నేహితుడు మాండిషెవ్‌స్కీ 1920లలో పరిష్కరించిన పాఠం అది. పైగా బ్రామ్స్ బతికుండగా ప్రూఫులు తనే పట్టుబట్టి దిద్దుకునే మనిషి కాబట్టి పాఠభేదాల గోల తక్కువ. వేళ్ల అంకెలు దాదాపు ఉండవు, అదొక్కటే లోటు. ఓపస్ (రచన సంఖ్య) 118లో రెండోది నేర్చుకునేవాళ్లకు ఆ లోటు మాస్టారు తీర్చాలి.

పాతతరం మాస్టార్లు "షోపాన్ అంటే పదెరెవ్‌స్కీ ఎడిషనే" అంటారు. వార్సాలో 1949 నుంచి 1961 వరకు 21 సంపుటాలుగా వచ్చింది. పదెరెవ్‌స్కీ 1941లోనే పోయాడు. అట్ట మీద పేరు ఆయనది, పని చాలావరకు తుర్చిన్‌స్కీ, బ్రొనార్‌స్కీలది. ఈ ఎడిషన్‌ను తీసిపారేయలేం. అచ్చు విశాలంగా ఉంటుంది, పుస్తకం వెనక ప్రతి ముక్కకీ వివరంగా వ్యాఖ్య ఉంటుంది. కానీ పరిష్కర్తలు రకరకాల మూలాలను కలిపి ఒక పాఠం వండారు. చదవడం తేలికవుతుందని కొన్నిచోట్ల షోపాన్ షార్ప్ అని రాసినదాన్ని ఫ్లాట్‌గా మార్చి రాశారు. మీట అదే, మోత అదే, కానీ స్వరం ఎటు వెళ్లబోతోందో చెప్పే సూచన పోయింది. మన రాగాల్లో ఒకే స్వరస్థానాన్ని ఒక చోట రి అని, ఇంకో చోట గ అని పిలుస్తాం కదా. ఆ పేరు తారుమారు చేస్తే పాడేవాడికి ఎంత అయోమయమో ఇదీ అంతే.

ఇక అసలు విషయానికి వద్దాం. షోపాన్‌కి ఈ రోజున డబ్బు పెట్టదగ్గది పోలిష్ నేషనల్ ఎడిషన్. యాన్ ఎకియెర్ అనే పియానిస్టు జీవితమంతా దీని మీదే కూర్చున్నాడు. మొదటి సంపుటం, బల్లాడ్‌లు, 1967లో వచ్చింది. షోపాన్ 200వ జయంతి నాటికి, 2010లో, మొత్తం పూర్తయింది. ఎకియెర్ 2014లో నూట ఒకటో ఏట పోయాడు. దీని గొప్పతనం పండితులకే కాదు, రోజూ సాధన చేసే పదమూడేళ్ల పిల్లకీ పనికొస్తుంది. షోపాన్ స్వయంగా వేసిన వేళ్ల అంకెలు కాస్త పెద్దవిగా, నిలువుగా ఉంటాయి. ఎకియెర్ సలహా అంకెలు చిన్నవిగా, వాలుగా ఉంటాయి. ఇది పట్టుకుంటే చాలు, ఏ అంకె మార్చుకోవచ్చో, ఏది మార్చే ముందు పదిసార్లు ఆలోచించాలో తేలిపోతుంది. ఎతూడ్ (సాధన కోసం రాసిన ముక్క) ఓపస్ 10 రెండోది చూడండి. కుడిచేతి చివరి మూడు వేళ్లతో క్రోమాటిక్ స్వరవరుస పరుగెత్తించాలి. దాదాపు ప్రతి స్వరానికీ షోపాన్ తనే వేలు రాసిపెట్టాడు. అక్కడ బొటనవేలు తెచ్చి గట్టెక్కితే ఎతూడ్ దేనికి రాశాడో ఆ పని జరగదు.

శిష్యుల పుస్తకాల్లోని మార్పులను నేషనల్ ఎడిషన్ పేజీ మీదే చూపిస్తుంది. ఓపస్ 9 రెండో నాక్టర్న్ (ఇ ఫ్లాట్ మేజర్, అందరూ మొదట నేర్చుకునేది) మామూలు పాఠం ఒకసారి, షోపాన్ శిష్యులకు రాసిచ్చిన అలంకారాలతో మరోసారి ఉంటుంది. అదే పల్లవి తిరిగొచ్చినప్పుడల్లా సంగతులు ఎలా వేయాలో స్వరకర్తే నేర్పుతున్నట్టుంటుంది. ముందువైపు ఇచ్చిన వాదన సూచనలు కూడా పొడిగా ఉండవు: ఈ ట్రిల్ ఏ స్వరం మీద మొదలవ్వాలి, ఈ చిన్న స్వరాన్ని ఎడమచేతి బాస్‌తో కలిపి వేయాలా ముందే వేయాలా, చెయ్యి చిన్నదైతే ఈ కార్డ్‌లో ఏ స్వరం రెండో చేతికి ఇవ్వొచ్చు, ఇలా.

అయితే కొనేవాళ్లు బోల్తా పడే చోటు కూడా ఇక్కడే ఉంది. నేషనల్ ఎడిషన్ రెండు వరుసలు. ఎ సిరీస్‌లో షోపాన్ బతికుండగా అచ్చయినవి మాత్రమే ఉంటాయి. చనిపోయాక ఎవరో అచ్చువేసినవన్నీ బి సిరీస్. ఫాంటసీ ఇంప్రాంప్టు కోసం "ఇంప్రాంప్టులు" అని ఉన్న ఎ సిరీస్ సంపుటం తెప్పిస్తే లోపల అది ఉండదు. ఓపస్ 29, 36, 51 మాత్రమే కనిపిస్తాయి. ఫాంటసీ ఇంప్రాంప్టును 1855లో, షోపాన్ పోయిన ఆరేళ్లకు, స్నేహితుడు ఫొంతానా అచ్చువేశాడు కాబట్టి అది బి సిరీస్‌లోకి వెళ్లింది. వాల్ట్జ్‌లూ అంతే. ఓపస్ 64 ఎ లో ఉంటుంది. పిల్లలు ఎక్కువగా వాయించే ఎ మైనర్ వాల్ట్జ్, ఓపస్ 69లోని రెండూ బి లో ఉంటాయి. నాక్టర్న్‌ల ఎ సంపుటంలో 18 మాత్రమే. ఒక సినిమా పుణ్యమా అని ఇప్పుడు అందరూ అడిగే సి షార్ప్ మైనర్ నాక్టర్న్ అందులో లేదు, అదీ బి లోనే. దిగుమతి పుస్తకం తెప్పించాక తిరిగి పంపడం ఎంత తలనొప్పో తెలిసిందే. ఆర్డర్ పెట్టే ముందు విషయసూచిక పేజీ ఫొటో అడిగి తెప్పించుకోండి.

ఫాంటసీ ఇంప్రాంప్టు గురించి ఇంకో మాట. 1960లో పియానిస్టు రూబిన్‌స్టయిన్‌కి పారిస్‌లో ఒక ఆల్బమ్ దొరికింది. అందులో 1835 తేదీతో షోపాన్ చేతిరాత ప్రతి ఉంది. ఫొంతానా అచ్చువేసినదానికీ దీనికీ ఎడమచేతి స్వరాల్లో, బలం గుర్తుల్లో చాలాచోట్ల తేడాలున్నాయి. పాత పుస్తకాలన్నీ ఫొంతానా పాఠమే. యూట్యూబ్‌లో విన్నదానికీ తమ పుస్తకానికీ పొంతన కుదరక "నా పుస్తకం తప్పా?" అని అడిగేవాళ్లకు జవాబు ఇదే. తప్పు కాదు, పాఠం వేరు.

ఒకే పుస్తకంలో అన్నీ కావాలంటే హెన్లే మంచిది. 1948లో మొదలైన జర్మన్ సంస్థ, నీలిరంగు అట్ట. వాల్ట్జ్‌ల సంపుటంలో (హెచ్‌ఎన్ 131) ముందువీ తర్వాతవీ కలిపే ఉంటాయి. నాక్టర్న్‌లు (హెచ్‌ఎన్ 185) కూడా అంతే. షాపులో పేరు చెప్పి కాకుండా ఈ నంబరు చెప్పి ఆర్డర్ ఇవ్వండి. హెన్లే విడి ముక్కలూ అచ్చువేస్తుంది. "షోపాన్ నాక్టర్న్" అని చెబితే సంపుటానికి బదులు ఆరు పేజీల పుస్తకం వచ్చి కూర్చుంటుంది. అచ్చు అందం సంగతికొస్తే హెన్లేకి సాటి లేదు. పేజీ తిప్పాల్సిన చోటికి ఒక చెయ్యి ఖాళీ అయ్యేలా పంక్తులు అమర్చడంలో వాళ్ల శ్రద్ధ కనిపిస్తుంది. పాత షోపాన్ సంపుటాల పరిష్కర్త ఎవాల్డ్ జిమ్మర్‌మాన్. ఇప్పుడు కొన్నిటిని నార్బర్ట్ ముల్లెమాన్ కొత్తగా పరిష్కరిస్తున్నాడు. పాతదీ కొత్తదీ రెండూ మార్కెట్‌లో తిరుగుతుంటాయి కాబట్టి లోపలి పేజీలో పరిష్కర్త పేరు చూసుకోండి. ఇంకో తిరకాసు: హెన్లే షోపాన్‌లో వాలు అంకెలు మూలంలోని వేళ్లు, నిలువు అంకెలు సలహాలు. నేషనల్ ఎడిషన్‌కు సరిగ్గా తలకిందులు. రెండూ పక్కపక్కన పెట్టుకునేవాళ్లు ముందుమాటలో ఆ వాక్యం చదివాకే పెన్సిల్ పట్టుకోవాలి.

పియానిస్టు కోర్తో పరిష్కరించిన ఎతూడ్‌లు (1915 నుంచి) మరో జాతి పుస్తకం. ప్రతి ఎతూడ్ ముందు దాన్లోని కష్టాన్ని విడదీసి పేజీలకు పేజీలు అభ్యాసాలు రాశాడు. మన సంగీతంలో వర్ణం ముట్టుకునే ముందు సరళీస్వరాలు, జంటలు చేయించినట్టు. ఓపస్ 10 మొదటిది చేసేవాళ్లకు చెయ్యి సాచడం, ముడవడం ఎలా సాధించాలో ఇంత ఓపిగ్గా ఇంకెవరూ చెప్పలేదు. కానీ స్వరపాఠానికి దీన్ని నమ్ముకోవద్దు, వేళ్లు కూడా ఆయన చేతికి కుదిరినవి. రెండో పుస్తకంగా కొనండి, మొదటి పుస్తకంగా కాదు. అభ్యాసాలన్నీ చేయబోతే ఎతూడ్ మొదలెట్టేలోపు దసరా వెళ్లి సంక్రాంతి వస్తుంది. మాస్టారు ఏరి ఇచ్చిన రెండు మూడు చాలు.

చేతిలో ఏదైనా షోపాన్ పుస్తకం ఉంటే దాన్ని అయిదు నిమిషాల్లో పరీక్షించొచ్చు. ప్రెల్యూడ్ ఓపస్ 28లో 20వది తెరవండి, సి మైనర్, పదమూడే బార్లు. మూడో బార్ చివరి కార్డ్ పైస్వరం ఇ నేచురలా, ఇ ఫ్లాటా? నేచురల్ అయితే ఒక్క క్షణం మేజర్ వెలుగు, ఫ్లాట్ అయితే మైనర్ చీకటి అలాగే నిలుస్తుంది. జేన్ స్టర్లింగ్ అనే శిష్యురాలి పుస్తకంలో షోపాన్ అక్కడ ఫ్లాట్ గుర్తు చేర్చాడు. ఏది వేసినా సరే, దాని గురించి కింద ఒక్క ముక్కైనా రాసిన పుస్తకమే నమ్మదగ్గది. ఏమీ చెప్పకుండా ఒకటి వేసి ఊరుకుంటే ఆ పరిష్కర్త మిగతా చోట్లా అంతే. తర్వాత మొదటి బల్లాడ్, ఓపస్ 23, ఏడో బార్. ఎడమచేతి కార్డ్‌లో పైన ఇ ఫ్లాట్ ఉండాలి, చెవికి కాస్త గుచ్చుకుంటుంది. కొన్ని పాత ఎడిషన్లు అది అచ్చుతప్పనుకుని డి చేసేశాయి. గుచ్చుకోవడమే అక్కడ పని. పెద్ద విద్యార్థులైతే రెండో సొనాటా, ఓపస్ 35 కూడా చూడండి. మొదటి భాగంలో రిపీట్ నాలుగు బార్ల గ్రావే (నెమ్మదైన ఆరంభం) మొదటికి వెళ్తుందా, అయిదో బార్‌కి వెళ్తుందా? లైప్‌జిగ్ ఎడిషన్ అయిదో బార్ దగ్గర గుర్తు పెట్టింది, చాలా పుస్తకాలు దాన్నే అనుసరించాయి. నేషనల్ ఎడిషన్ మొదటికే పంపుతుంది. వాయించి చూస్తే గ్రావేకి తిరిగి వెళ్లే దారిలోనే స్వరాలు అతుకు పడకుండా కలుస్తాయి.

పేర్ల గురించి కూడా. "రెయిన్‌డ్రాప్", "రెవల్యూషనరీ" లాంటివి షోపాన్ పెట్టినవి కావు. అట్ట మీద అలాంటి పేర్లే పెద్ద అక్షరాల్లో ఉండి ఓపస్ నంబరు ఎక్కడా కనిపించని పుస్తకం సాధారణంగా కుదించిన పాఠం. ఈజీ పియానో అని చిన్న అక్షరాల్లో ఎక్కడో ఉంటుంది, వెతకండి.

షూమాన్‌కి హెన్లే చాలు. ఆయనతో ఇబ్బంది వేరే రకం, బతికుండగానే తన పాత రచనలను తనే తిరగరాశాడు. సింఫానిక్ ఎతూడ్స్ 1837లో ఒక రూపం, 1852లో ఇంకో రూపం. పైగా పక్కన పెట్టేసిన అయిదు వేరియేషన్లను 1873లో బ్రామ్స్ అచ్చువేయించాడు. క్రైస్లెరియానాకి 1838, 1850 రెండు పాఠాలున్నాయి. డోవర్‌లో దొరికేది ఆయన భార్య క్లారా పరిష్కరించిన పాఠం, అదీ గౌరవించదగ్గదే. చిన్నపిల్లలు వాయించే కిండర్‌జెనెన్‌లో ట్రాయ్‌మెరాయ్‌కి మెట్రోనోమ్ 100 అని చూసి కంగారుపడకండి, మొదటి అచ్చులో ఉన్నది అదే. దాన్ని అందరూ అంతకంటే చాలా నెమ్మదిగా వాయిస్తారు. క్లారా కూడా తర్వాత తగ్గించింది.

షూబర్ట్ ఇంప్రాంప్టులకు, మొమాన్ మ్యూజికల్‌కు కలిపి హెన్లే హెచ్‌ఎన్ 4. వీనర్ ఉర్‌టెక్స్ట్ అయినా బాగుంటుంది. షూబర్ట్ చేతిరాతలో యాక్సెంట్ (నొక్కి వాయించమనే) గుర్తు సాగదీసి వేస్తాడు. దాన్ని యాక్సెంట్ అనుకోవాలా, డిమినుయెండో (బలం తగ్గించడం) అనుకోవాలా అన్నది పరిష్కర్తల జుట్టు పీకించిన సమస్య. ఈ విషయం ముందుమాటలో ఎత్తని ఎడిషన్‌ను నమ్మక్కర్లేదు. లిస్ట్‌కి శిష్యుడు సావర్ పరిష్కరించిన పీటర్స్ పుస్తకాలు వేళ్ల కోసం, 1970 నుంచి బుడాపెస్ట్‌లో వచ్చిన న్యూ లిస్ట్ ఎడిషన్ పాఠం కోసం. గ్రీగ్ లిరిక్ పీసులు 66, పది పుస్తకాలు. చిన్న గ్రేడుల పిల్లలకు మొదటి పుస్తకం, ఓపస్ 12 ఒక్కటీ చాలు, మొత్తం సంపుటం అక్కర్లేదు.

ఇక ఇవన్నీ ఇక్కడ దొరుకుతాయా అంటే, నేరుగా కష్టమే. గవర్నరుపేట, బీసెంట్ రోడ్డు చుట్టుపక్కలైనా, గుంటూరు బ్రాడీపేట వైపైనా సంగీతం షాపంటే కీబోర్డులు, గిటార్లు, తబలాలు. నోట్స్ అంటే గ్రేడు పరీక్షల పుస్తకాల వరకే. ముంబై ఫుర్తాడోస్ ఆన్‌లైన్, చెన్నై అన్నాసాలైలో ముసీ మ్యూజికల్ మనకు దగ్గర దారులు. చెన్నై ఎలాగూ పనుండి పినాకినిలో వెళ్తుంటే, పుస్తకం తెరిచి పైన చెప్పిన బార్లు చూసి కొనొచ్చు, ఆన్‌లైన్‌లో ఆ వీలు లేదు. లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దగ్గర విదేశీ నోట్స్ కనిపిస్తే అట్ట చూసి మురిసిపోకుండా వీపు పైనుంచి చూడండి. మడతల గుత్తులు, దారం కనిపిస్తే కుట్టు బైండింగ్, ఇంకా చాలా ఏళ్లు వస్తుంది. చదునుగా జిగురు గీత మాత్రమే ఉంటే, మన మే నెల ఎండలు నాలుగైదు చూసిన జిగురు పెళుసైపోయి ఉంటుంది. స్టాండు మీద తెరవగానే పేజీలు రాలతాయి.

ఉచితంగా దొరికే ఐఎమ్‌ఎస్‌ఎల్‌పీ వెబ్‌సైట్ స్కాన్లు తప్పేం కాదు. మన దేశంలో హక్కులు రచయిత పోయాక 60 ఏళ్లు, కాబట్టి షోపాన్, షూమాన్, వాళ్ల పాత పరిష్కర్తల ప్రతులు స్వేచ్ఛగా తీసుకోవచ్చు. ఈ మధ్య పరిష్కర్తల పని అలా కాదు, హెన్లే కొత్త సంపుటాన్ని జిరాక్స్ తీయడం హక్కుల ఉల్లంఘనే. పరీక్షకు వెళ్లేటప్పుడు అసలు పుస్తకం వెంట ఉండాలి కూడా. స్కాన్ అచ్చువేసుకునేటప్పుడు గమనించాల్సింది మచ్చలు. నలుపుతెలుపు స్కాన్‌లో ఒక దుమ్ముచుక్క స్వరం పైన పడితే స్టకాటో అయిపోతుంది, పక్కన పడితే స్వరం ఒకటిన్నర రెట్లు సాగుతుంది. బార్‌లో లెక్క కుదరకపోతే ముందు ఆ చుక్కను అనుమానించండి, తర్వాత మిమ్మల్ని.

సైజు సంగతి. హెన్లే పేజీ 23.5 సెంటీమీటర్లకు 31. ఎ4 కాగితం 21కి 29.7. సొంత పుస్తకంలోంచి పేజీ తిప్పే ఇబ్బంది కోసం ఒక్క పేజీ కాపీ తీసుకోవాలన్నా 89 శాతానికి తగ్గించమని చెప్పాలి. లేకపోతే పక్కన చివరి స్వరం తెగిపోతుంది. ఎ4 స్కాన్లకు స్పైరల్ వేయిస్తే లోపలివైపు సెంటీమీటరున్నర ఖాళీ వదలమనండి, లేకపోతే రంధ్రాలు క్లెఫ్‌నీ ఫ్లాట్లనీ మింగేస్తాయి. మామూలు పల్చటి జిరాక్స్ కాగితం స్టాండు మీద ఫ్యాను గాలికి వంగిపోతుంది, వెనక పేజీ స్వరాలు ఇటు కనిపిస్తాయి. 100 జీఎస్ఎమ్ అడగండి. నాలుగు పేజీల ముక్కలకు స్పైరల్ అసలు వద్దు. పేజీలు అంచుకు అంచు పెట్టి వెనకవైపు టేపు వేసి మడతబెట్టుకుంటే స్టాండు మీద ఒకేసారి పరుచుకుంటాయి, తిప్పే పనే లేదు.

ట్యాబ్లెట్ ఉన్నవాళ్లకు 2016లో మొదలైన హెన్లే యాప్ ఉంది. ముక్క లెక్కన కొనుక్కోవచ్చు, ఒకే ముక్కకు వేర్వేరు పియానిస్టుల వేళ్లు మార్చి చూడొచ్చు. పది అంగుళాల తెర మీద షోపాన్ నాక్టర్న్ చదవగలం కానీ లిస్ట్ చదవలేం, ఒకదాని కింద ఒకటి మూడు స్టాఫ్‌లు వచ్చినప్పుడు అంకెలు చీమల్లా కనిపిస్తాయి.

ఏ ఎడిషన్ కొన్నా 61 మెట్ల కీబోర్డు మీద ఇవి పూర్తిగా పలకవు, ఆ కీబోర్డు అయిదే ఆక్టేవులు. షోపాన్ వాడిన పియానోకే ఆరున్నర. ఆయన పెడల్ గుర్తులు కూడా ఆ తేలిక పియానోలకు రాసినవి. 88 మెట్ల డిజిటల్ పియానో మీద అక్షరాలా పాటిస్తే కొన్నిచోట్ల బాస్ మసకబారుతుంది. అలాంటప్పుడు గుర్తు కొట్టేయకండి, పెడల్ సగం తొక్కి చూడండి. సగం పెడల్ పలకాలంటే దానికి తగ్గ పెడల్ ఉండాలి. కీబోర్డుతో పాటు ఇచ్చే చిన్న చదరపు స్విచ్‌కు తొక్కడం, వదలడం తప్ప మధ్యలో ఏమీ తెలియదు.